తూకాలమ్మ పెట్టిన పచ్చచుక్క

మా పిన్ని అసలు పేరు వీధిలో సగం మందికి తెలియదు. తూకాలమ్మ వస్తోందంటే మాత్రం చంటిపిల్లల తల్లుల గుండెల్లో రైళ్లు పరిగెత్తేవి. సర్కారు నడిపే పిల్లల కేంద్రంలో ఆమెది ఇరవై రెండేళ్ల నౌకరీ. నేను అక్కడే వంట చేస్తాను. ఉన్నది ఒకటే గది. గోడలకు చెమ్మ, దూలానికి వేలాడే త్రాసు, దాని కొక్కేనికి గుడ్డ ఉయ్యాల. నెలకోసారి పిల్లల్ని అందులో కూర్చోబెట్టి, బరువు చూసి కార్డు మీద చుక్క పెట్టాలి. వయసుకు ఉండాల్సిన బరువు గీత కిందికి దిగితే ఎర్రచుక్క. ఆ పిల్లకు పాలపొడి, పిండి పొట్లాలు రెట్టింపు ఇస్తారు. గీత దాటితే పచ్చచుక్క, రెట్టింపు జాబితాలోంచి పేరు పోతుంది. మళ్లీ ఎక్కాలంటే మూడు నెలలకోసారి వేసే కొత్త జాబితా దాకా ఆగాల్సిందే.

పిన్నికి నోటి దురుసు ఎక్కువ. ఊరికే రాలేదది. నెలనెలా పై ఆఫీసులో మీటింగు ఉంటుంది. ఎవరి కేంద్రంలో ఎర్రచుక్క ఉంటే వాళ్లు అందరి ముందూ లేచి నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. వీధిలో పిల్లలు చిక్కిపోతే మా పిన్ని ఏం చేస్తుందని అడిగే నాథుడు లేడక్కడ. తిన్న చీవాట్లన్నీ మోసుకొచ్చి, పొట్లాలతో పాటు తల్లులకు పంచేది. పిన్నంటే నాకు ప్రాణమే. ఆ పంపకం చూస్తే మాత్రం ఒళ్లు మండేది.

ఆ ఏడు మా కేంద్రంలో మిగిలిన ఎర్రచుక్క ఒక్కటే. లాండ్రీలో ఇస్త్రీ చేసే అమ్మాయి కూతురిది. రెండేళ్ల పిల్ల, పిట్టంత ఉండేది, అందరూ పిచ్చుక అని పిలిచేవాళ్లం. ముల్లు ఎనిమిది కిలోల ఏడు వందల గ్రాముల దగ్గర ఆగగానే పిన్ని గయ్యిమంది.

"నెలనెలా ఇచ్చే పొట్లం ఎవరి పొట్టలోకి పోతోందే? నువ్వసలు తల్లివేనా?"

పదిమంది ఆడవాళ్లు వింటున్నారు. ఇస్త్రీ అమ్మాయి పిల్లకు కోటు తొడిగి, గుండీలన్నీ పెట్టి వెళ్లిపోయింది.

పిల్లల బట్టలు విప్పి తూచాలన్నది రూలు. అది చలికాలం, ఆ చెమ్మ గదిలో పిల్లలు దగ్గి దగ్గి నీలుక్కుపోతుంటే పిన్నికే జాలేసింది. మరుసటి నెల దూది పెట్టి కుట్టిన కోట్లు ఒంటి మీదే ఉండనిమ్మంది. కోటుకని పావుకిలో తీసేసి రాసుకుంటానంది. ఇరవై రెండేళ్లలో ఆవిడ తప్పిన రూలు అదొక్కటే.

ఆ నెల పిచ్చుకను తల్లే ఎత్తి ఉయ్యాల్లో కూర్చోబెట్టింది. పావుకిలో తీసేసినా గీత ఉన్న తొమ్మిది కిలోలు దాటింది. పిన్ని ముఖం చేటంత అయింది. "చూశారా, తల్లంటే ఇలా ఉండాలి!" అని అందర్నీ పిలిచి మరీ చెప్పింది. పచ్చచుక్క పడింది, రెట్టింపు పొట్లం ఆగింది. తరువాతి నెలా అంతే. మూడో నెల తూకానికి తల్లీబిడ్డలు రాలేదు.

సాయంత్రం పిన్నీ నేనూ వాళ్ల గదికి వెళ్లాం. లారీ షెడ్డులో పనిచేసే భర్త ఇంకా రాలేదు. పిచ్చుక మంచం మీద కళ్లు తెరుచుకునే పడుకుని ఉంది. కదపబోతే ఏడవనైనా ఏడవలేదు. పిన్ని చేతుల్లోకి తీసుకుంది. వేలమంది పిల్లల్ని ఎత్తిన చేతులవి.

"ఇది ఎనిమిది కూడా లేదే," అంది.

మేకుకు దూదికోటు వేలాడుతోంది. పిన్ని దాన్ని అందుకుని అంచు తడిమి, కుట్లు పళ్లతో తెంపింది. లారీ నట్లు ఆరు ఒళ్లో పడ్డాయి.

"ఎందుకు చేశావే ఈ పని?"

"మీరే కదక్కా, అందరి ముందూ తల్లివేనా అన్నారు."

"పొట్లం ఆగిపోయాకైనా వచ్చి చెప్పొద్దూ?"

"మళ్లీ మీరే అందర్నీ పిలిచి మెచ్చుకున్నారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

పిన్ని పిల్లను భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగు తీసింది. అక్కడ చిక్కిపోయిన పిల్లలకు వేరే వార్డుంది, దానికి కార్డు మీద ఎర్రచుక్క ఉండాలి. కౌంటరులో గుమాస్తా కార్డు తిరగేసి, "రెండు నెలలుగా పచ్చచుక్కేగా, మామూలు లైన్లో నిలబడండి," అన్నాడు. పిన్ని అతని చేతిలోంచి పెన్ను లాక్కుని తన చుక్కలు రెండూ కొట్టేసింది. "బట్టలతో తూచాను, తప్పు నాది," అని రాసి సంతకం పెట్టింది. మంచం దొరికింది. నాలుగో రోజు తెల్లవారాక పిచ్చుక పోయింది.

ఆ పిల్ల పోయిందంటే ఇప్పటికీ నా మనసు ఒప్పుకోదు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక చాలా రోజులు వంటగిన్నెల మీద చూపాను.

పిన్ని రాసిన ఆ మాట కార్డు మీదే ఉండిపోయింది. ఆఫీసు జాబితాలో పిచ్చుకది పచ్చచుక్కే. వారం తిరక్కుండా మీటింగు వచ్చింది. పిన్నిని ఒంటరిగా పంపలేక తోడు వెళ్లాను. అధికారిణి కాగితం చూసి నవ్వుతూ మా కేంద్రం పేరు చదివింది.

"మూడు నెలలుగా ఒక్క ఎర్రచుక్క కూడా లేదు. అందరూ చప్పట్లు కొట్టండి."

హాలంతా చప్పట్లు మోగాయి. పిన్ని లేచి, అవి ఆగేదాకా నిలబడింది.

"సంజాయిషీ చెప్పుకోవాలి మేడమ్," అంది.

"మీరెందుకండీ? మీకు ఎర్రచుక్కలే లేవుగా."

"ఉండేది మేడమ్, ఒకటి. నేనే పచ్చచుక్క పెట్టాను. పోయిన మంగళవారం పూడ్చిపెట్టి వచ్చాం."

అధికారిణి కాగితం తిప్పింది. తరువాత ఇంకో కేంద్రం పేరు చదివింది. పిన్ని మాత్రం మీటింగు అయ్యేదాకా కూర్చోలేదు.