సాలగ్రామం మీది తెల్లపొర

ముప్పై ఏళ్లు బడిలో సైన్సు చెప్పినదాన్ని. శిలాజాల పాఠమైతే పుస్తకం తెరవకుండా చెప్పేదాన్ని: సముద్రప్రాణి చచ్చి బురదలో పూడుకుపోతుంది, మెత్తనిదంతా కుళ్లిపోతుంది, నీళ్లలో కరిగిన ఖనిజాలు దాని గుల్లలో పేరుకుని రాయవుతాయి. మా పూజలోని సాలగ్రామం అలాంటిదేనని కూడా పిల్లలకు చెప్పాను. ఇంత తెలిసిన మనిషిని, పనామె మీద దొంగతనం మోపాను.

పద్మారావు నగర్‌లోని మా ఇంట్లో సాలగ్రామాన్ని ఆడవాళ్లు ముట్టరు. అభిషేకం మా వారిదే. కుళాయి నీళ్లు ఎవరెవరి చేతులు దాటి వస్తాయోనని బోరు నీళ్లే వాడతారు. ఒకరోజు గడప ఇవతల నుంచి చూస్తే నల్లటి రాయి కాస్తా బూడిదరంగులో ఉంది. దాని మీది చక్రాలే లేవు. ఎవరో మార్చేశారు!

"కళ్లలో పొరలొచ్చాక నాకేం కనిపిస్తోందే? చేతికి అలాగే ఉంది" అన్నారాయన. నేను నమ్మలేదు. ఇంట్లోకి వచ్చే బయటి మనిషి పనామె ఒక్కతే. దేవుడి గదిలోకి వెళ్లావా అని అడిగితే "నేనెందుకు పోతమ్మా?" అని గాభరాపడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటోందే అనుకున్నాను. "ఓ కంట కనిపెట్టి ఉండండి" అని పై అంతస్తు ఆవిడకూ చెప్పాను. చివరికి మెట్ల దగ్గర అందరి ముందూ నిలదీశాను. ఆమె చీపురు అక్కడే పెట్టి వెళ్లిపోయింది. పై ఇళ్లవాళ్లూ ఆమెను మానిపించారు.

రెండు నెలలకు గీజరు పాడైంది. మెకానిక్ లోపలి రాడ్డు తీస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

"బోరు నీళ్లు గద మేడం, గిట్లనే పేరుకుంటది" అన్నాడు.

అభిషేకమూ ఆ నీళ్లతోనేగా! మా వారి చేత సాలగ్రామం మీద నిమ్మరసం పిండించాను. సన్నగా నురగ లేచింది. తుడిస్తే కింద అదే నలుపు, అవే చక్రాలు. చూపు తగ్గినప్పటి నుంచి ఆయన అభిషేకమయ్యాక తడి తుడవడం మానేశారట. ఛీ, నా చదువు తగలెయ్య!

పనామె ఇంటికి వెళ్లి తప్పయిందన్నాను.

"నాకొక్కదానికి చెప్తే ఏం లాభం అమ్మా? అందరి ముంగట దొంగన్నరు. కాదని సుత అందరి ముంగటనే చెప్పున్రి" అంది.

మర్నాడు మెట్ల దగ్గర అందర్నీ పిలిచి, ఆమె పక్కన నిలబడి, తప్పంతా నాదేనని చెప్పాను. అందరూ తలలూపారు. వెళ్తూ వెళ్తూ పై అంతస్తు ఆవిడ ఆమెకు వినబడేలాగే నా చెవిలో అంది:

"అయినా సరే, ఓ కంట కనిపెట్టి ఉండండి."