కుక్క ఫోల్డర్, గొంతుల ఫోల్డర్

కళ్లజోడు తీసి, కీబోర్డు మీద కుడిచెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా సంగతి తెలిసినవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోండి.

ఐటీ ఉద్యోగమని చెబితే ఇంటి ఓనరు మారుమాట లేకుండా తాళాలిచ్చే రోజులవి. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల ఆఫీసు మాది. ఒక సినిమా నిర్మాణ సంస్థ వెబ్‌సైటు నేను చూసేవాణ్ణి. దానికి మూడు సబ్‌డొమైన్లు, అంటే ఒకే ఇంటికి మూడు గుమ్మాలు. ఒకటి హీరోగారి అభిమానులకు. రెండోది హీరోగారి కుక్కకు. మూడోది డబ్బింగ్ చెప్పేవాళ్లు తమ గొంతు రికార్డు చేసి పంపడానికి.

అవును, కుక్కకే. జూబ్లీహిల్స్ బంగళాలో దానికో ఏసీ గది, ఇంటర్నెట్‌లో ఓ గుమ్మం.

ఒక్కో గుమ్మం వెనక ఒక్కో ఫోల్డర్. అందులో విడిగా సెట్టింగుల ఫైలు పెడితే, ఆ గుమ్మానికి ఆ నియమాలే వర్తిస్తాయి. కుక్క పుట్టినరోజు వీడియో ఎక్కడం లేదని బంగళా నుంచి ఫోను వచ్చింది. వెంటనే దాని ఫోల్డర్‌లో ఒక ఫైలు పెట్టి, పంపే ఫైలు సైజుకున్న రెండు ఎంబీల హద్దును అరవై నాలుగు చేశాను. గొంతుల గురించి ఎవరూ ఫోను చేయలేదు. ఆ ఫోల్డర్‌కి పాత రెండే మిగిలింది. హద్దు దాటిన రికార్డింగును సర్వర్ చప్పుడు చేయకుండా పారేసేది. పేరు మాత్రం జాబితాకెక్కేది. పైగా నేను రాసిన పేజీ అందరికీ ఒకటే మాట చెప్పేది: "మీ గొంతు అందింది. ధన్యవాదాలు."

బోరబండ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. సినిమాల్లో కోస్తా జమీందార్లందరికీ గొంతు ఆయనదే. మైకు ముందు నుంచి లేస్తే మాత్రం అసలు మాట బయటికొచ్చేది.

"తమ్మీ, జర చూడు. నాది ముట్టిందా?"

"అందిందండీ. ఇదిగో మీ పేరు, పైనే ఉంది."

"మరి పిలుస్తలేరేంది? పాతోళ్లకు గిప్పుడు గీ కంప్యూటర్ల నుంచే పని అంటున్రు."

"విని ఉంటారు. వాళ్లకి నచ్చాలి కదండీ."

జాబితాలో ఆ పేరు నొక్కి ఒక్కసారి వింటే తెలిసిపోయేది. నేను వినలేదు.

"గంతేనా? ఇంకా మంచిగ చెప్పి పంపుత."

మంచి డబ్బింగ్ థియేటరు కిరాయికి తీసుకుని మళ్లీ చెప్పాడు. మరింత శుభ్రంగా, మరింత పొడుగ్గా. ఎంత బాగా చెబితే ఫైలు అంత పెద్దది. ఇంట్లో గొణిగి పంపినవాళ్లవి హాయిగా దూరిపోయేవి. మూడోసారి తరవాత వచ్చి కుర్చీలో కూర్చోకుండానే అన్నాడు: "నా గొంతు ఖరాబైనట్టుంది తమ్మీ. మొఖం మీద చెప్తలేరు, గంతే."

తరవాత రాలేదు.

సర్వర్ మార్చే రోజున గొంతుల ఫోల్డర్ తెరిచాను. ఆయన పేరుతో మూడు ఫైళ్లు. మూడూ సున్నా ఎంబీలు, ఖాళీ. కుక్క సెట్టింగుల ఫైలునే కాపీ చేసి అక్కడ పెట్టాను. అర నిమిషం పని.

కొన్నాళ్లకి జూబ్లీహిల్స్‌లో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర ఆయన కనిపించాడు. వాచ్‌మన్ బట్టల్లో, కార్లను వెనక్కి తీయిస్తూ విజిల్ ఊదుతున్నాడు. స్కూటర్ ఆపాను. జరిగిందంతా చెప్పాను.

"అంటే నా గొంతు మంచిగనే ఉన్నట్టా?" అన్నాడు. విజిల్ జేబులో వేసుకుని, రోడ్డు మీదే ఒక జమీందారు డైలాగు అందుకున్నాడు. డ్రైవర్లు ఇంజన్లు ఆపేసి విన్నారు. బాల్కనీల్లోకి జనం వచ్చారు.

ఇక ఒప్పుకోవాలి. మీరు నమ్మనిది కుక్క సంగతి అయివుంటుంది. అది నిజం. నేను కల్పించింది స్కూటర్ ఆపడం, ఆ తరవాతదీ. ఆయన నన్ను గుర్తుపట్టి చెయ్యి ఎత్తబోయాడు. నేను హెల్మెట్ అద్దం దించుకున్నాను. ఆయన నాకు దారి ఇమ్మని వెనక కారుకి విజిల్ ఊదాడు. ఆ దారినే వెళ్లిపోయాను.