ఘాటు వేరు, వాసన వేరు

మా హెడ్ సిస్టర్ గారు పోయారన్న కబురు పోయిన మంగళవారం ఉదయం వచ్చింది. గుంటూరు బ్రాడీపేటలో నా క్లినిక్ తెరిచి అరగంట కూడా కాలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన మూడు రోజులుగా జ్వరం, దగ్గు అని చెప్పి, "ఇంతకీ ఇది కరోనానా, ఫ్లూనా మేడం?" అని అడుగుతున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. పాత వార్డులో నాతో పనిచేసిన నర్సు.

"మేడం, సిస్టర్ గారు ఇక లేరండి. ఒంగోల్లో, పొద్దున కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారంట. గుండెపోటు అంటున్నారు."

ఫోన్ పెట్టేశాను. పెద్దాయన ఇంకా నా జవాబు కోసం చూస్తున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం నాకు పుస్తకాలు కొంత నేర్పాయి. మిగతాదంతా ఆవిడే నేర్పారు. పరీక్షలు రాసిచ్చి ఆయన్ని పంపేశాక క్లినిక్ తలుపు దగ్గరికి వేశాను.

నేను గుంటూరులో పీజీ చేస్తూ జ్వరాల వార్డులో అడుగుపెట్టేనాటికి ఆవిడ అక్కడ చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు. పొట్టి మనిషి, వేగంగా నడిచేవారు. గొంతు మాత్రం ఎప్పుడూ లేచేది కాదు. పెళ్ళి చేసుకోలేదు. ఒంగోలులో ఉన్న తమ్ముడి కుటుంబమే ఆవిడ కుటుంబం. కరోనా అనే మాట ఎవరూ వినని రోజులవి. చలికాలం వస్తే మా వార్డుకు ఫ్లూ కేసులు వచ్చేవి. కొత్త పేషెంటు రాగానే ఆవిడ మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఏ ఊరు, పత్తి వేశారా మిర్చి వేశారా, ఎన్ని కోతలయ్యాయి, పిల్లలేం చదువుతున్నారు అని కబుర్లు మొదలుపెట్టేవారు. ఇంత పని పెట్టుకుని ఈ కబుర్లేమిటా అని నాకు లోపల విసుగ్గా ఉండేది. ఒకరోజు ఆవిడే చెప్పారు.

"వాళ్ళు మాట్లాడుతుంటే ఎన్ని మాటలకొకసారి ఊపిరి తీసుకుంటున్నారో చూస్తుంటానమ్మా. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి ఊపిరి మార్చేస్తాడు."

ఆ కబుర్లలోనే జ్వరం ఎప్పుడు మొదలైందని అడిగేవారు. ఫ్లూ వచ్చినవాళ్ళు దాదాపు గంటతో సహా చెప్పేవారు. "పత్తి తీస్తన్నానండి. రెండో సాలు సగంలో ఉండగా ఒళ్ళంతా విరిచేసినట్టయింది. అక్కడే కూలబడ్డా," అన్నాడు ఒకాయన. ఆవిడ నా వైపు చూసి తలూపారు. అంత హఠాత్తుగా రావడమే దాని గుర్తని ఆ చూపుకు అర్థం.

పీజీ అయ్యాక నేను అదే వార్డులో డాక్టరుగా చేరాను. తర్వాత కరోనా వచ్చింది. మొదట్లో అందరం దాన్ని ఫ్లూతోనే పోల్చుకున్నాం. తెలిసిన జబ్బుతో పోల్చుకోకపోతే తెలియని జబ్బును పట్టుకునేదెలా? ఆవిడా అలాగే పోల్చారు. ఆ పోలికే ఒకసారి ఆవిడను దెబ్బతీసింది.

రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన కరోనాతో మా వార్డులో ఆక్సిజన్ మీద ఉండేవారు. ఆయాసం లేదు. ఇడ్లీ తింటున్నారు, పేపరు చదువుతున్నారు, నర్సులతో జోకులేస్తున్నారు. బాత్రూమ్‌కి వెళ్ళొస్తానంటే సిస్టర్ గారు ఆక్సిజన్ తీసి పంపించారు. తలుపు దాకా కూడా చేరకుండానే ఆయన కుప్పకూలిపోయారు. రెండు రోజుల తర్వాత పోయారు.

ఎవరూ ఆవిడను తప్పుపట్టలేదు. అసలు చాలామందికి తెలియను కూడా తెలియదు. అయినా మర్నాడు డ్యూటీ మారే వేళ నర్సుల్నీ మమ్మల్నీ నిలబెట్టి తనే చెప్పారు. "నేను పొరపాటు పడ్డాను. ఆయన చక్కగా మాట్లాడుతున్నాడు కదా అని నమ్మాను. ఫ్లూలో ఆ లెక్క నాకు ఇన్నేళ్ళూ తప్పలేదు. దీంట్లో తప్పింది. ఇకనుంచి మాట ఒక్కటే నమ్మకండి. వేలికి మిషన్ పెట్టి చూడండి. నాలుగడుగులు నడిపించి, పక్కనే ఉండి, మళ్ళీ చూడండి."

తర్వాత కుళాయి దగ్గర చాలాసేపు మొహం కడుక్కుంటూ కనిపించారు.

ఆరోజు నుంచి ఆవిడ ఒక పద్ధతి పెట్టుకున్నారు. కరోనాతో వచ్చిన ప్రతి మనిషినీ, ఫ్లూ వచ్చినవాళ్ళను ఇన్నేళ్ళూ అడిగిన ప్రశ్నలే, అదే వరసలో అడిగేవారు. ఎందుకని అడిగాను. "పాత ప్రశ్నలే అడగాలమ్మా. అప్పుడే జవాబు ఎక్కడ మారిందో తెలుస్తుంది," అన్నారు. జబ్బుల్ని పోల్చడం గురించి ఇంతకంటే మంచి పాఠం నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. జవాబులు నిజంగానే మారాయి. జ్వరం ఎప్పుడొచ్చిందంటే కరోనా మనుషులు తడుముకునేవారు. మూడు రోజులో నాలుగు రోజులో, మొదట గొంతు గరగర, తర్వాత కాస్త నీరసం అనేవారు. ఫ్లూ మనిషి మూడో రోజుకే మంచమెక్కి మన దగ్గరికొస్తే, వీళ్ళు వారం తిరిగాక, తగ్గిందనుకున్నాక వచ్చేవారు.

మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒకతను గుర్తొస్తాడు. వాసన తెలుస్తోందా అని సిస్టర్ గారు అడిగారు.

"బ్రహ్మాండంగా తెలుస్తందండి. బస్తా ఇప్పితే ముక్కు మండిపోతంది."

"ఘాటు వేరు, వాసన వేరయ్యా. ఘాటంటే మంట. అది వాసన పోయినా తెలుస్తుంది. కళ్ళు మూసుకో."

వంటగది నుంచి కరివేపాకు తెప్పించి, నలిపి అతని ముక్కు కింద పెట్టారు. అతను గట్టిగా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఏమీ తెలియడం లేదన్నాడు. కళ్ళు తెరిచి ఆవిడ చేతిలో ఆకు చూసి చిన్నబోయాడు. "నాలుగు రోజులనుంచీ పప్పులో తాలింపు సరిగ్గా పెట్టట్లేదని మా ఆవిడ మీద ఎగురుతున్నానండి," అన్నాడు. వార్డులో ఎన్నో రోజుల తర్వాత నవ్వులు వినబడ్డాయి. సిస్టర్ గారు మాత్రం అతని మంచం ఆక్సిజన్ పాయింటు పక్కకి జరిపించాకే నవ్వారు.

ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతి ఒకటి చెప్పాలి. రెండోసారి కరోనా విరుచుకుపడిన రోజులు. మంచాల్లేవు. ప్రకాశం జిల్లా పత్తి రైతు ఒకాయనకు జబ్బు మొదలై అది ఏడో రోజు. జ్వరం తగ్గింది, ఆక్సిజన్ ఒక మోస్తరుగా ఉంది, ఇంటికెళ్ళిపోతానంటున్నారు. బయట ఆటోలో ఒకామె ఊపిరాడక అవస్థపడుతోంది. నేను ఆయన డిశ్చార్జి రాసేశాను. సిస్టర్ గారు కాగితం తీసుకుని నా దగ్గరికొచ్చారు.

"ఇవాళ ఏడో రోజు డాక్టరమ్మా. ఫ్లూ అయితే నేనే సంచి సర్ది పంపేదాన్ని. ఇది రెండో వారంలో తిరగబడుతోంది. ఇందాకే నడిపించి చూశాను, పది అడుగులకే ఆక్సిజన్ పడిపోయింది."

"మరి ఆటోలో ఉన్నావిడకి ఏం చెప్పమంటారు? ఇక్కడ డాక్టరు మీరా, నేనా?"

వార్డంతా విన్నది. ఆవిడ నా కంటే ఇరవై ఏళ్ళకు పైగా పెద్ద.

"మీరేనమ్మా. సంతకం మీదే. ఆవిడకి చోటు నేను చూస్తాను. ఈయన్ని మాత్రం రెండు రోజులు ఉంచండి."

నర్సులు బట్టలు మార్చుకునే చిన్న గదిలోంచి బీరువా బయటికి లాగించి, అక్కడ మంచం వేయించి, సిలిండర్ పెట్టించి, ఆటోలోని ఆమెను తెచ్చి పడుకోబెట్టారు. ఆ నెలంతా నర్సులు దుప్పట్ల స్టోరులో బట్టలు మార్చుకున్నారు. తొమ్మిదో రోజు పొద్దున రైతుకు ఆక్సిజన్ ఒక్కసారిగా పడిపోయింది. ఆరోజు ఆయన తన ఊళ్ళో ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు ఇప్పటికీ ధైర్యం చాలదు. వార్డులోనే ఉన్నారు కాబట్టి వెంటనే బోర్లా పడుకోబెట్టాం, ఆక్సిజన్ పెంచాం. ఆయన కోలుకోవడానికి మూడు వారాలు పట్టింది. ఆటోలో వచ్చినామె అంతకంటే ముందే ఇంటికెళ్ళింది.

తర్వాత వరండాలో ఆవిడను ఆపి, "సిస్టర్ గారూ, ఆరోజు నేను అలా అనకుండా ఉండాల్సింది," అన్నాను.

"అలసిపోయి ఉన్నారు. నేను మా తమ్ముడి మీద ఫోన్లో అంతకంటే ఎక్కువే అరిచాను. టిఫిన్ చేశారా?" అని తన స్టీలు బాక్సు మూత తీశారు.

కరోనా వెనక్కి తగ్గాక వచ్చిన ఒక చలికాలంలో దాచేపల్లి వైపు నుంచి ఒక స్కూలు టీచర్ను తీసుకొచ్చారు. ఏడో నెల గర్భిణి. రెండు రోజులుగా జ్వరం. కరోనా పరీక్ష నెగెటివ్ వచ్చింది. భర్త మొహం వెలిగిపోయింది. "హమ్మయ్య, ఉత్త ఫ్లూనే. తీసుకెళ్ళిపోతామండి," అన్నాడు. నాకూ గుండెల మీద బరువు దిగినట్టయింది. మా అందరికీ కరోనా కాకపోతే చాలన్నట్టుగా తయారైంది అప్పటికి. సిస్టర్ గారు ఒక్కరే కదల్లేదు.

"కరోనా కాదని తేలిందయ్యా. ఏమిటో ఇంకా తేలలేదు. ఫ్లూ అయినా సరే, ఉత్త ఫ్లూ అనేది లేదు. కడుపుతో ఉన్న మనిషికి అది చాలా చెడ్డది. దానికి మందుంది, తొందరగా వేస్తేనే పనిచేస్తుంది."

ఆ చివరి మాట అతనితో అంటూ నా వైపు చూశారు. ఫ్లూ పరీక్షకు పంపించి, ఫలితం కోసం ఆగకుండా మందు మొదలుపెట్టాను. మర్నాడు మధ్యాహ్నానికి ఆ అమ్మాయికి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. పరీక్షలో ఫ్లూ అని తేలింది. వారం తిరిగేసరికి తేరుకుని ఇంటికెళ్ళింది. కొన్ని నెలల తర్వాత బిడ్డనెత్తుకుని చూపించడానికి వచ్చింది. సిస్టర్ గారు మెట్ల దగ్గరే ఆపేసి, "జ్వరాల వార్డుకి పసిపిల్లని తెస్తారామ్మా, చదువుకున్నదానివి," అని కోప్పడ్డారు. తర్వాత చేతులు రెండుసార్లు కడుక్కుని, కిందికి దిగి వెళ్ళి, గేటు బయట నిలబడి బిడ్డను ఎత్తుకున్నారు.

హౌస్ సర్జన్లు ఆవిడను తరచూ అడిగేవారు, రెండింటిలో ఏది పెద్ద జబ్బని. "నేను చూసినంతలో కరోనా ఎక్కువమందిని తీసుకెళ్ళింది, ఎక్కువ రోజులు మంచాన పెట్టింది. అది దాచాల్సిన పని లేదు. కానీ ఒక్కో మంచం మీద ఒక్కో మనిషే ఉంటాడు. ఆ మనిషికి వచ్చిందే పెద్దది," అనేవారు. ఆవిడ పేరు ఏ పత్రికలోనూ రాలేదు. మా వార్డు నుంచి నడిచి ఇంటికెళ్ళిన చాలామందికి ఆవిడ మొహం కూడా తెలియదు, మాస్కు పైన కళ్ళు తప్ప. ఆ కళ్ళు నాకు తెలిసినందుకు నేను అదృష్టవంతురాలిని.

మంగళవారం మధ్యాహ్నం ఒంగోలు వెళ్ళాను. పాత వార్డు నర్సులు అప్పటికే వచ్చి గోడవారగా నిలబడి ఉన్నారు. ఆవిడ మొహం ప్రశాంతంగా ఉంది. ఎక్కువసేపు చూడలేకపోయాను.

నేను ఆవిడను ప్రాణంతో చివరిసారి చూసింది ఈ ఏడాది మిర్చి కోతల కాలంలో. రిటైరయ్యాక తమ్ముడింట్లోనే ఉంటున్నారు. ఒక పెళ్ళికని ఒంగోలు వెళ్ళి ఆవిడ గురించి అడిగితే పొలం దగ్గర ఉన్నారన్నారు. వెళ్ళేసరికి కళ్ళం నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి. గోనె సంచి మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఆస్పత్రి గురించి ఒక్క మాటా అడగలేదు. ఈసారి కాయ రంగు బాగా వచ్చిందని, తమ్ముడి కూతురు డ్రైవింగ్ నేర్చుకుంటోందని చెప్పారు. ఇంతలో తమ్ముడు, "అక్కా, ఎండ దిగకముందే ఇంకోసారి తిరగెయ్యాల," అని కేకేశాడు.

"మీరు మజ్జిగ తాగుతూ ఉండండి డాక్టరమ్మా, ఇప్పుడే వస్తా," అని లేచి, చీర కాస్త పైకి దోపుకుని, చెప్పులు విడిచి, ఆ ఎర్రటి కాయల్లోకి దిగారు. పాదాలతో మెల్లగా కాయల్ని తిరగేస్తూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచారు. ఆవిడ నడిచిన చోటల్లా కింది కాయలు పైకొచ్చి ముదురు ఎరుపు గీత పడుతోంది. చివరికంటా వెళ్ళి, వెనక్కి తిరిగి, ఆ గీత పక్కనే మరో గీత మొదలుపెట్టారు.