ఫిడేలు బొమ్మ సరిచేయడానికి బాపట్ల మీదుగా రేపల్లె

తెనాలిలో ఉదయం ఆరున్నర పాసింజరు ఎక్కితే బాపట్ల, అక్కణ్నించి బస్సులో రేపల్లె, సాయంత్రం రైల్లో మళ్లీ తెనాలి. ఒక్క ఆదివారంలో ఈ చుట్టు పూర్తి చేయవచ్చు. ఎనభైల నడుమ నేను చేశాను. కోపంతో బయల్దేరాను.

కోపానికి కారణం జేబులో ఉన్న కార్డు. రేపల్లెలో సంగీత కచేరీలు పెట్టించే సంఘం కార్యదర్శి రంగారావు గారు రాశారు: "మీ పోస్టరు నమూనాలో ఫిడేలు మనిషి కమాను ఎడమచేత్తో పట్టాడు. కచేరీ చేయబోయే బాపట్ల కరుణమ్మ గారు అది గోడలెక్కితే తాను వేదిక ఎక్కనన్నారు. ఆదివారం సాయంత్రంలోగా వేరే బొమ్మ అందకపోతే ఫొటోతో ఆఫ్‌సెట్‌లో వేయించుకుంటాం."

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ని. ప్రెస్సులో కాగితాలు కోస్తూ, పొట్లాల మీది అక్షరాలు చూస్తూ బ్లాకులు చెక్కడం నేర్చుకున్నాను. లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి సిరా పూసి అచ్చేయడం నా పని. సినిమా పోస్టర్లు ఆఫ్‌సెట్ యంత్రం తీసుకుపోయింది, పెళ్లిపత్రికలు తీసుకుపోయింది. కచేరీల పోస్టర్లు మాత్రమే నాకు మిగిలాయి. ఇప్పుడు అవి కూడానా? పాతికేళ్లుగా అదే ఫిడేలు మనిషి పొన్నూరు నుంచి రేపల్లె దాకా ప్రతి గోడ మీదా నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఎవరి కళ్లూ పనిచేయలేదా?

చుండూరులో కాస్త చోటు దొరికి కూర్చున్నాను. ఎదురుగా నాట్లకు పోతున్న ఆడకూలీలు. కార్డు రాసినవాళ్లది తప్పని తేల్చుకోవాలని నమూనా విప్పి ఒకామెకు చూపించాను.

"బొమ్మ ఎట్టా ఉందమ్మా?"

ఆమె ఒక్క చూపు చూసింది. "బాగానే ఉంది గానీ బాబాయ్, ఈయన అన్నం కూడా ఆ చేత్తోనే తింటాడా ఏంటి?"

పెట్టెలో అందరూ నవ్వారు. నేను కాగితం చుట్టేశాను. నిడుబ్రోలు దాటేదాకా ఎవరి మొహమూ చూడలేదు. అప్పుడు తట్టింది, తప్పు ఎక్కడ జరిగిందో. బ్లాకు మీద ఉన్నది కాగితం మీద తిరగబడి పడుతుంది. అందుకే అక్షరాలన్నీ తిప్పి చెక్కుతాం. అప్పట్లో ఒక క్యాలెండరులోని ఫిడేలు మనిషిని మాత్రం నేను ఉన్నవాణ్ని ఉన్నట్టే బ్లాకు మీదికి దింపేశాను. అక్షరం తిరగబడితే చదివేవాడు వెంటనే అరుస్తాడు. మనిషి తిరగబడితే ప్రెస్సులో ఎవరూ పట్టించుకోలేదు, నేనూ పట్టించుకోలేదు.

ఎనిమిదింటికి బాపట్లలో దిగాను. స్టేషను దగ్గరి హోటల్లో ఇడ్లీలు వేడిగా దొరుకుతాయి, చట్నీలో మాత్రం నీళ్లు ఎక్కువ. కరుణమ్మ గారు రిటైరైన టీచరు. ఇల్లు అడిగితే "ఈపాటికి గుడిలో ఉంటారండీ" అన్నారు. లూథరన్ చర్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. పాటకు తోడుగా ఆవిడ నిలబడి, ఫిడేలు గడ్డం కింద పెట్టుకుని వాయిస్తున్నారు. అచ్చం నా బొమ్మలాగే నిలబడ్డారు. కమాను ఒక్కటే కుడిచేతిలో ఉంది.

ఆరాధన అయ్యాక వెళ్లి నేనెవరో చెప్పాను.

"ఓ, మీరేనా అండీ! ఎడంచేతి ఫిడేలు కళాకారుణ్ని ఎప్పటికైనా చూడాలనుకున్నాను. ఆయన రాలేదా?"

"ఆయన్ని తెనాలిలోనే వదిలేశానండి," అన్నాను.

ఆవిడ నవ్వు ఆపుకుని, "చెయ్యి ఒకటే కాదండీ తప్పు. కచేరీలో నేను నిలబడను. ఇంటికి రండి, చూపిస్తాను," అన్నారు.

ఇంటికి వెళ్లేసరికి పదిన్నర. వరండాలో చాప వేసి, బిరడాలు తిప్పి శ్రుతి మార్చారు. గుడిలో వాయించిన ఫిడేలే. ఈసారి కాళ్లు మడిచి కూర్చుని, దాని ఒక చివర భుజానికి ఆనించి, రెండో చివర కుడి చీలమండ మీద ఉంచారు. ఫిడేలు భుజం మీంచి పాదం దాకా దిగింది. ఒక మనిషి పాదం మీద ఫిడేలు ఆనడం నేను చూడటం అదే మొదటిసారి.

నేను పెన్సిలు తీసి, "కొంచెం కదలకుండా ఉంటారా అండీ?" అన్నాను.

"ఆపేస్తే ఇంకేం గీస్తారండీ? వాయిస్తుంటేనే గీయండి."

కమాను వేశారు. రెండు బారల దూరంలో కూర్చున్నాను. తీగ ఒకటి కాస్తా మూడుగా కనబడింది. నడుమ గీత ఉందో లేదో తెలియనంత సన్నం. కమానుకు రుద్దిన తెల్లపొడి ఎండలో లేస్తోంది. రాగం పైకి పోతున్నకొద్దీ ఎడమచెయ్యి పాదానికి దూరంగా, ఒంటి దగ్గరకు జరుగుతోంది. ఇంకా పైకి పోయి ఒకచోట నిలిచింది. అక్కడ కుడికాలి బొటనవేలు మెల్లగా లేచి, స్వరం విడిచేదాకా గాలిలోనే ఆగిపోయింది. ఆ సంగతి ఆవిడకు తెలియదు.

పెన్సిలు కదల్లేదు. ఇదంతా తిప్పి గీయడం ఎలా? తలలోనే తిప్పుకోబోతే వేళ్లు ఎటుపోతున్నాయో అంతుచిక్కలేదు. విషయం చెబితే ఆవిడ లోపలికి వెళ్లి నిలువుటద్దం తెచ్చి చాప పక్కన గోడకు ఆనించారు. "ఇందులో చూసి గీయండి మాస్టారూ. అదే తిప్పి చూపిస్తుందిగా!"

అద్దంలోకి చూశాను. ఎడమచేత్తో కమాను లాగుతున్న మనిషి. పాతికేళ్లుగా నేను అచ్చేసిన మనిషే. కాగితం మీద కాదు, బ్లాకు మీద ఉండాల్సినవాడు. ఇక మొహం వైపు పోలేదు. పాదం, దాని మీద ఆనిన ఫిడేలు చివర, లేచిన వేలు, దూరంగా జరిగిపోయిన చెయ్యి, వాటి మధ్య మూడు గీతలైన తీగ. ఇవే సంచిలో ఉలులతో పాటు తెచ్చుకున్న లినో ముక్క మీద నేరుగా గీసుకున్నాను. చుట్టూ అంతా నలుపు వదిలేయాలనుకున్నాను, ఈ గీతల వరకు మాత్రం తెల్లగా చెక్కాలి.

ఒంటిగంటకు ఆవిడ కోడికూరతో భోజనం పెట్టారు. రెండింటికల్లా చెక్కడం అయిపోయింది. సిరా పూసి, కాగితం పరిచి, గరిటె వీపుతో రుద్ది ఎత్తాను. ఆవిడ కళ్లజోడు సవరించుకున్నారు.

"నా మొహం ఏదండీ?"

"వద్దనిపించిందండి."

చాలాసేపు చూశారు. తర్వాత తన కాలివైపు చూసుకున్నారు. "ఇది నిజంగా లేస్తుందా?" అని మెల్లగా అడిగి, "ఇదైతే వస్తానని చెప్పండి" అన్నారు.

రెండున్నరకు చెరుకుపల్లి మీదుగా పోయే బస్సు ఎక్కాను. కిటికీ పక్కన కూర్చోకండి, దుమ్ము కొడుతుంది. నేను కాగితాన్ని చొక్కాలో పెట్టుకున్నాను. రేపల్లెలో రంగారావు గారి కొట్టు చేరేసరికి నాలుగుంపావు.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. "మనిషేదండీ?"

"ఉన్నారుగా!"

"ఉన్నది కాలండీ! ఆవిడ సరేనన్నా ఊరు ఊరుకోవద్దూ? ఆడమనిషి కాలు గోడలకి అంటించి కచేరీకి రమ్మంటే నన్ను తరుముతారు. ఫొటో అయితే ఏ గొడవా ఉండదు."

నాకు మళ్లీ ఒళ్లు మండింది. "పాతికేళ్లు తప్పు బొమ్మ అంటించుకున్నారు, ఎవరూ తరమలేదు. నిజం గీసుకొస్తే తరుముతారా?"

కేకలకు పక్క కొట్లోంచి క్షవరం కత్తితోనే వెంకటేశ్వర్లు వచ్చాడు. పెళ్లిళ్లలో నాదస్వరం వాయిస్తాడు, సభల్లో ఎందరో ఫిడేలు వాళ్ల పక్కన కూర్చున్నవాడు. "ఏంటి గొడవ? చూడనివ్వండి," అని కాగితం అందుకున్నాడు. చూస్తూ చూస్తూ కత్తి మడిచి జేబులో వేసుకున్నాడు. గొంతులో సన్నగా ఒక స్వరం తీశాడు. ఎంత పైకి వెళ్లిందో, కొట్లో సరుకులు తూస్తున్నవాళ్లు తలెత్తారు.

"ఇదేనా అండీ? పై షడ్జం. చెయ్యి పాదానికి ఇంత దూరం జరిగిందంటే అక్కడే ఆగి ఉండాలి. వేలు కూడా చెబుతోంది," అన్నాడు.

పొద్దున వరండాలో విన్న స్వరం అదే. నేను తలూపాను. నల్లసిరాలో ఉన్న పాదాన్ని చూసి ఒక మనిషి ఆ స్వరాన్ని విన్నాడు. నేను చెక్కిన ఏ బొమ్మా అంతకుముందు ఎవరికీ వినిపించలేదు.

రంగారావు గారు కాగితం తిరిగి తీసుకుని, ఈసారి దూరంగా పట్టుకుని చూశారు. "బుధవారానికి అచ్చు కావాలి. పేరు పెద్దగా వేయండి," అన్నారు. తరవాత, "కచేరీకి మీరూ రండి. ఇన్నేళ్లుగా పోస్టర్లు వేస్తున్నారు, ఒక్కసారైనా లోపల కనబడలేదు మీరు," అన్నారు.

నిజమే. పోస్టర్లు అచ్చేసి ఇచ్చాక నా పని అయిపోతుంది, కచేరీ దాకా ఎప్పుడూ పోలేదు. ఫిడేలు మనిషి ఏ చేత్తో వాయిస్తాడో నాకెలా తెలుస్తుంది?

ఆరుంపావుకి రేపల్లె పాసింజరు కదిలింది. పొలాల మీద ఇంకా వెలుగుంది. నాకు ఆకలి లేదు, కోపమూ లేదు. ఈ చుట్టంతా తిరిగి నేను నేర్చుకున్నది ఇదే: పోస్టరు గీసేవాడు ముందు కచేరీ వినాలి. విన్నాక, ఒంట్లో ఎక్కడ ఆ పాట బయటపడుతుందో అక్కడ చూపు పెట్టాలి. మనిషి మొత్తాన్నీ గీయక్కర్లేదు. కచేరీనాడు ముందు వరసలో కూర్చోవాలి, మృదంగం అడ్డు రాకుండా ఆ పాదం కనిపించే చోట.