కొవ్వుగడ్డ

"గట్టిగా అరవకండి స్టెర్యోస్ గారూ, బయట జనం ఉన్నారు."

"జనం కాదు, వాళ్ళ తాతలున్నా నాకు భయం లేదు! మా అక్క నాకు తల్లి తర్వాత తల్లి. ఆ గడ్డ చెడ్డదని తేలితే ఆవిడకి చెప్పొద్దంటున్నాను, అంతే. కొవ్వుగడ్డ అని చెప్పు. దానంతట అదే కరిగిపోతుందని చెప్పు. ఆమాత్రం నోరు తిరగదా నీకు?"

"రిపోర్టు ఇంకా రాలేదు."

"వచ్చాక సంగతే చెప్తున్నా. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు, ఇక్కడి పద్ధతి నీకు తెలీదు. ముందు ఇంటివాళ్ళకి చెప్తారు. ఆ తర్వాత ఇంటివాళ్ళు చూసుకుంటారు."

గోడకి ఇవతల, కత్తెరలూ సూదులూ శుభ్రం చేసే గదిలో, కలియోపి దూదిచుట్ట పట్టుకుని నిలబడిపోయింది. పేరుకే అది గోడ. చెక్కలు పేర్చి సున్నం కొట్టారు. ముప్ఫై మూడేళ్ళుగా దాని గుండా ఆమె చెవిన పడని రహస్యం లేదు, ఆమె నోట బయటపడిన రహస్యమూ లేదు. తన రహస్యం తనే వినడం మాత్రం ఇదే మొదలు.

డాక్టరు జవాబు వినకుండానే వరండాలోకి వెళ్ళిపోయింది. వినడానికేముంది? ఆ జవాబు అతనికి నేర్పింది తనే.

గ్రీసు కొండల్లోని మావ్రోపేత్ర ఆరోగ్య కేంద్రానికి డాక్టర్లు ఏడాదికొకరు వస్తారు. చదువు అవగానే సర్కారు పంపే పిల్లకాయలు. మొదటి మంచు చూసి మురిసిపోతారు, మూడో మంచుకి ఏడుస్తారు, ఏడాది నిండగానే పెట్టె సర్దుకుంటారు. నర్సు కలియోపి మాత్రం కదలదు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, బండ గొంతు, పొట్టి కాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. చీజు చేసి అమ్మే తమ్ముడు స్టెర్యోస్ ఇంట్లో పై అంతస్తులో ఉంటుంది. ఊళ్ళో సగం మంది పిరుదుల మీద ఆమె సూది పడింది, అందుకే ఆమె ముందు ఎవరూ పెద్ద గొప్పలు పోరు.

ఆమెకి కొన్ని పట్టింపులున్నాయి. ఒకసారి మేత భూమి తగాదాలో రెండు కుటుంబాల వాళ్ళు తలలు పగలగొట్టుకుని ఒకేసారి వచ్చిపడ్డారు. మావాడికి ముందు కట్టు కట్టమని రెండు వైపులా అరుపులు. "రక్తం ఎవడికి ఎక్కువ పోతోందో వాడు ముందు. ఇంటిపేర్లు తర్వాత రాసుకుంటా," అని పని మొదలుపెట్టింది. ఇంకోసారి, ఊళ్ళో ఒక కొత్త కోడలు ఏ మందులు తీసుకెళ్ళిందో కనుక్కుందామని చర్చి ఫాదరు భార్య (అక్కడి ఫాదర్లకి పెళ్ళిళ్ళుంటాయి) తీపి రొట్టె పట్టుకుని వచ్చింది. కలియోపి రొట్టె తీసుకుంది. "పాపాలు మీ ఆయనకి చెప్పుకుంటారు, రోగాలు నాకు చెప్పుకుంటారు. ఆయన నీకు చెప్తున్నాడా, నేను చెప్పడానికి?" అంది. ఫాదరు భార్య ఆ ఏడంతా ఆమెతో మాట్లాడలేదు.

ఇంత నిక్కచ్చి మనిషీ ఒక్క చోట అబద్ధమాడేది. కేన్సరును ఆ కొండల్లో పేరు పెట్టి పిలవరు. కడుపులో అయితే పుండు అంటారు, ఒంటి మీద అయితే కొవ్వుగడ్డ అంటారు. కొడుకులు ముందొచ్చి డాక్టరు చెవిలో ఊదుతారు, రోగి ఆఖరుకి వస్తాడు, నర్సు కళ్ళలోకి చూసి "పుండే" అంటుంది. ప్రస్తుతం ఉన్న మిల్టోస్ డాక్టరు, వచ్చిన నెలలోనే ఒక గొర్రెల కాపరికి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్ళింటివాళ్ళు కర్రలతో వచ్చారు. వాళ్ళని శాంతపరిచి పంపించి, కలియోపి అతన్ని కూర్చోబెట్టి క్లాసు పీకింది.

"డాక్టరు బాబూ, నీ పుస్తకం నగరంలో చదువుకో. ఇక్కడ మనిషి ధైర్యంతో బతుకుతాడు. ఆ ధైర్యం లాగేస్తే పదిరోజులు ముందే పోతాడు. కొవ్వుగడ్డ అను, నవ్వు, కళ్ళలోకి చూసి చెప్పు. చూపు తిప్పావంటే పసిగట్టేస్తారు."

ఆ క్లాసులో ఆమె ఎత్తని పేరు ఒకటుంది. క్లారినెట్ వాయించే లాంబ్రోస్. వోలోస్ పట్నంలో ఉన్న కూతురితో అతనికి పన్నెండేళ్ళుగా మాటల్లేవు. "కలియోపీ, నిజంగా పుండేనా?" అని అడిగాడు. పుండే అంది. "అయితే నయమయ్యాక, ఈస్టరుకి, వోలోస్ వెళ్ళి దాన్ని చూసొస్తా," అన్నాడు. ఈస్టరుకి ముందు ఉపవాసాల్లోనే పోయాడు. కూతురు పాతిపెట్టే వేళకి వచ్చి, క్లారినెట్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కలియోపి ఆమె దగ్గరకి వెళ్ళలేకపోయింది.

బుధవారం నాడు రిపోర్టు వచ్చింది. మిల్టోస్ ఆమెని లోపలికి పిలిచి, తలుపు వేసి, కుర్చీ చూపించాడు.

"కొవ్వుగడ్డ," అన్నాడు నవ్వుతూ, కళ్ళలోకి చూసి. "ఏ ప్రమాదమూ లేదు. తీయించుకోవక్కర్లేదు కూడా."

కలియోపి అతని మొహం పరీక్షగా చూసింది. నవ్వు సరిగ్గా తను చెప్పినంతే ఉంది. చూపు తిప్పలేదు. మంచి శిష్యుడు.

"బాగా నేర్చుకున్నావు బాబూ."

"ఏంటి నేర్చుకోవడం? ఇదిగో కాగితం, మీరే చదువుకోండి."

"అలాంటి కాగితాలు ఈ చేత్తోనే రెండు టైపు చేశాను. ముద్ర కూడా నేనే వేశాను."

అతను తెల్లబోయాడు. "నేను నిజం చెప్తున్నా, మేడమ్ కలియోపీ! మా అమ్మ మీద ఒట్టు!"

"నేనూ ఒట్టేసేదాన్ని."

"అయితే నేనేం చేస్తే నమ్ముతారు?"

కలియోపి కాగితం అతని వైపే తోసేసింది. ఈ ఊళ్ళో మంచి మాట చెప్పాలన్నా, చెడ్డ మాట దాచాలన్నా ఉన్నది ఒకే వాక్యం. దాన్ని ముప్ఫై మూడేళ్ళు వాడి వాడి అరగదీసింది తనే. ఇప్పుడది తన చేతికొస్తే చెల్లని నాణెంలా ఉంది.

ఆ సాయంత్రం బీరువా సర్దింది. ఎవరికేం ఇవ్వాలో మనసులో రాసుకుంది. తమ్ముడు పాలకూర కూరిన వేడి వేడి పిట్టా రొట్టె తెచ్చి బల్ల మీద పెట్టి, ఆమె మొహం చూసే ధైర్యం లేక కిందికి పోయాడు. అది చూశాక ఉన్న కాస్త ఆశా పోయింది.

పొద్దున్నే మొదటి బస్సెక్కి యానినా పట్నంలో దిగింది. తన గడ్డ ముక్కని పరీక్ష చేసిన చోట కిటికీ దగ్గర గుర్తింపు కార్డు పెట్టింది.

"మీవాళ్ళెవరూ రాలేదా అమ్మా?" అంది కిటికీలోని పిల్ల.

"నావాళ్ళు నేనే."

రిపోర్టు మీద సంతకం చేసిన డాక్టరమ్మ బయటికొచ్చింది. కలియోపి ముఖమూ, ఊరూ, తమ్ముడూ ఏవీ తెలియని మనిషి. కావలసింది అలాంటి మనిషే. "కాగితం వద్దు. గాజుపలక చూపించండి," అంది కలియోపి. డాక్టరమ్మ ఒక్క క్షణం చూసి, లోపలికి తీసుకెళ్ళి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. పలక అంచున కలియోపి పేరు, పుట్టిన ఏడు. అద్దంలో తెల్లటి గుండ్రటి గదులు, ఒకదాని పక్కన ఒకటి, నీళ్ళలో పరిచిన చేపల వలలా.

"ఇది కొవ్వు. ఇంకేమీ లేదు."

"చెడ్డది ఎలా ఉంటుందో కూడా చూపించండి."

పిల్లలకి పాఠం చెప్పే పాత పలక ఒకటి, పేరు లేనిది, తీసి పెట్టింది డాక్టరమ్మ. కలియోపి చాలాసేపు చూసింది. ఎక్కడా వరస లేదు. నల్లటి గింజలు ఒకదాని మీదొకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. మళ్ళీ తన పలక పెట్టించుకుని చూసింది. అదే వల. కన్ను తీసేసరికి అద్దం తడిసిపోయి ఉంది. "క్షమించాలి," అని చేతికి దొరికిన మఫ్లరుతో తుడిచింది. డాక్టరమ్మ నవ్వి, అద్దం మళ్ళీ తుడుచుకుంది.

బయటికొచ్చి సరస్సు ఒడ్డున దుకాణంలో పాకం కారే కదాయిఫ్ మిఠాయిలు రెండు, నిలబడే తింది. మూడోది కూడా చెప్పి, ఇంకొన్ని పొట్లం కట్టించుకుంది. దుకాణదారు, "పండగా?" అన్నాడు. "కొవ్వు," అంది. వాడికేం అర్థమవుతుంది?

బస్సు దిగేసరికి స్టెర్యోస్ అక్కడే నిలబడి ఉన్నాడు, కళ్ళు ఎర్రగా.

"చెప్పకుండా ఎక్కడికి పోయావే అక్కా? ప్రాణం పోయింది నాకు!"

"పుండాకోర్! నువ్వు వెళ్ళి ఆ డాక్టరు చెవి కొరికితే, వాడు నిజం చెప్పినా నేను నమ్మలేక చచ్చాను! కొవ్వే. నా కళ్ళతో చూశాను."

స్టెర్యోస్ నోరు తెరిచాడు. శిలువ వేసుకున్నాడు. దిష్టి తగలకుండా అక్క వైపు మూడుసార్లు తుప్పుతుప్పుమన్నాడు. తర్వాత గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. కొంతసేపటికి ముక్కు చీదుకుంటూ, "వాడు నా మాట ఎక్కడ విన్నాడు? గెంటేశాడు నన్ను. 'మీ అక్క రిపోర్టు మీ అక్కది. వచ్చిందో రాలేదో కూడా ఇకనుంచి మీకు చెప్పను,' అన్నాడు. నాకేం తెలీకనే అప్పట్నుంచీ చస్తున్నా," అన్నాడు.

కలియోపి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు చెక్కగోడ దగ్గర ఇంకొక్క నిమిషం నిలబడి ఉంటే ఆ మాట తనూ వినేది.

ఆరోగ్య కేంద్రంలో మిల్టోస్ తాళం వేయబోతున్నాడు. ఆమెని చూసి తలుపు మళ్ళీ తెరిచాడు. ఆమె కదాయిఫ్ పొట్లం బల్ల మీద పెట్టింది.

"నువ్వు నిజమే చెప్పావు."

"తెలుసు."

"పొగరు నీకు." కుర్చీ లాక్కుని కూర్చుంది. కాసేపు పొట్లం దారంతో ఆడుకుంది. "రొట్టెల కొట్టు వాళ్ళమ్మ, మగ్దలిని, ఉందిగా. పోయిన నెల ఆవిడకి పుండు అని చెప్పాను, కొడుకు అడిగాడని. నువ్వు పక్కనే ఉండి నోరు మూసుకున్నావు."

"కర్రలు గుర్తొచ్చాయి," అన్నాడు మిల్టోస్, తల వంచుకుని.

"నాకు లాంబ్రోస్ గుర్తొచ్చాడు. నీకు తెలీదులే. రేపు ఆవిడ బీపీ చూపించుకోడానికి వస్తుంది. కొడుకుని వరండాలో కూర్చోబెడతాను, కర్ర తెస్తే నేను చూసుకుంటాను. తెలుసుకోవాలని ఉందో లేదో ముందు ఆవిణ్ణే అడుగు. వద్దంటే ఊరుకుందాం. కావాలంటే చెప్పు." ఆమె పొట్లం విప్పి అతని వైపు జరిపింది. "నువ్వు చెప్పేటప్పుడు నన్ను లోపల కూర్చోనియ్యి, బాబూ. ఎలా చెప్పాలో నాకు తెలీదు. నాకు నేర్పు."