వెనక మెషిన్ గంట

ఉయ్యూరులో ఒక సర్కారు ఆఫీసులో రికార్డు అసిస్టెంటుగా పనిచేసే సంజీవరావుకి నలభై ఆరో ఏట అసూయ పట్టుకుంది. పై ఆఫీసరు మీదో, పక్కింటివాడి కొత్త కారు మీదో అయితే ఎవరికైనా చెప్పుకుని తేలికపడేవాడు. అతనికి పుట్టింది కట్టుకున్న పెళ్ళాం మీద.

ఇరవై ఏళ్ళుగా అతను ఆ ఆఫీసులో ఫైళ్ళు మోస్తున్నాడు. కిందటేడు జూనియర్ అసిస్టెంటు సీటొకటి ఖాళీ అయింది. ఫ్యాను కింద కుర్చీ, ముందు టేబులు, టేబులుకి తాళమున్న సొరుగు. ఆఫీసరు పిలిచి ఒక్కటే మాట చెప్పాడు. "ఇంగ్లీషు టైపు లోయరు పాసై రావయ్యా, కుర్చీ నీది. ఈసారి తప్పావంటే మాత్రం పైనుంచి ఎవర్నో వేసేస్తారు. తర్వాత నన్ననుకుని లాభం లేదు."

ఆఫీసు నిండా కంప్యూటర్లే ఉన్నా, పరీక్ష మాత్రం ఇంకా పాత టైపు మెషిన్ల మీదే. పటమటలో వాళ్ళింటికి దగ్గర్లోనే ఒక టిఫిన్ హోటలు మేడమీద లక్ష్మీనరసమ్మగారి ఇన్‌స్టిట్యూటు ఉంది. అక్కడ పొద్దుటి బ్యాచిలో చేరాడు సంజీవరావు. చుట్టూ అందరూ కాలేజీ పిల్లలే. మొదటిరోజే ఒకమ్మాయి లేచి "కూర్చోండంకుల్, మీ పాపని దింపడానికొచ్చారా?" అంది. ఆ దెబ్బతో ఇంటికొచ్చి భార్య ఉషశ్రీ కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"నువ్వు కూడా చేరు ఉషా. ఊరికే తోడుగా కూర్చో."

"నాకెందుకండీ టైపు? జాకెట్లకి గుండీలు టైపు కొట్టి కుట్టాలా?"

"నేర్చుకుంటే పోయేదేముంది?"

ఉషశ్రీ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. చదువు పదో తరగతి. పొద్దున్నే ఆ గంట ఆమెకీ ఖాళీయే కాబట్టి సరేనంది. అలా ఆమె చేత చేయించినవాడు తనే. ఆ తర్వాత ఆ పూట తన నోటికి పక్షవాతమెందుకు రాలేదా అని చాలాసార్లు అనుకున్నాడు.

లక్ష్మీనరసమ్మగారికి డెబ్బై దాటాయి. ఆవిడ పద్ధతి ఆవిడది. వేళ్ళు ఏ అక్షరం మీద ఉండాలో చూపించి, ఆ చేతుల మీద ఒక తువ్వాలు కప్పేస్తుంది. ఇక అక్షరాలు కనపడవు. చూపు పక్కనున్న పాఠం మీద ఉండాలి, వేళ్ళు వాటి దారి అవే వెతుక్కోవాలి. సంజీవరావుది ముందు వరస, ఎదురుగా గోడ. ఉషశ్రీది సరిగ్గా అతని వెనక.

గొడవంతా గంటతో వచ్చింది. టైపు మెషిన్లో లైను చివరికొచ్చేసరికి టింగుమని గంట మోగుతుంది. మోగగానే క్యారేజీ తోసి కొత్త లైను అందుకోవాలి. రెండో నెలలో ఒకరోజు సంజీవరావు ఒక లైను మధ్యలో ఉండగా వెనక టింగుమంది. అతని గంట మోగేలోపు వెనక ఇంకోసారి టింగుమంది. యాదృచ్ఛికమనుకున్నాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తను ఒక లైను కొట్టేసరికి ఉషశ్రీ రెండు లైన్లు కొట్టేస్తోంది.

కాన్వెంటు మెట్లు ఎక్కినవాడు తను. ఇంట్లో ఎవరికి ఇంగ్లీషు కాగితమొచ్చినా చదివిపెట్టేది తను. ఆమె కరెంటు బిల్లు మీద ఇంగ్లీషు కూడా "ఇదేంటండీ?" అని అడిగే మనిషి. అలాంటిది తనకి రెండింతలా?

ఆ రోజునుంచీ సంజీవరావు పాఠం చూసి టైపు కొట్టడం మానేశాడు. గంట విని కొట్టడం మొదలుపెట్టాడు. వెనక మోగిందంటే చాలు, గుర్రాన్ని కొరడా పెట్టి కొట్టినట్టు వేళ్ళని ఉరికించేవాడు. ఉయ్యూరు బస్సులో కూర్చుంటే ముందు సీటు కమ్మీ మీద వేళ్ళు ఆడేవి. ఒకరోజు కంకిపాడు దాటాక చెరుకు ట్రాక్టర్లు అడ్డమొచ్చి బస్సు ఆగింది. కిటికీలోంచి చెరుకు చూస్తూ పేరా మొత్తం కొట్టేశాక తెలిసింది, కొట్టింది కమ్మీ మీద కాదు, ముందు సీటాయన బట్టతల మీద. ఆయన మాత్రం కోప్పడలేదు. కళ్ళు తెరిచి, "ఆపారేంటండీ? రేపు కూడా ఈ బస్సుకేనా?" అని అడిగాడు.

అంత సాధన చేసినా ఉషశ్రీ గంటే ముందు. పైగా లక్ష్మీనరసమ్మగారు అతని కాగితాలు దిద్దితే పసుపు పారాణి పెట్టిన కాళ్ళలా ఎర్రగా తేలేవి.

"ఏం నాయనా, పాఠంలో 'రిసీవ్డ్' అని ఉంటే నువ్వు 'రిక్వెస్ట్' అని కొట్టావు?"

"చూశానండీ, అదే వస్తుందనుకున్నా."

"నువ్వనుకున్నది కాదు, కాగితంలో ఉన్నది కొట్టాలి. ఎక్కడికా పరుగు? వెనక కుక్క తరుముతోందా?"

వెనక ఎవరో పిల్లలు నవ్వారు. ఉషశ్రీ నవ్వలేదు. టింగుమనిపించింది.

ఇంటి దగ్గర ఆమె కూర తాలింపు పెడుతుంటే కూడా అతనికి పడేది కాదు. ఆవాలు ఎంత త్వరగా చిటపటలాడుతున్నాయో అనిపించేది. ఆమె కాగితం ఒక్కసారి చూస్తే సంగతేమిటో తేలిపోయేదే. కానీ చూస్తే ఓడిపోయానని ఒప్పుకున్నట్టే కదా అని చూసేవాడు కాదు.

"ఏవండీ, ఇవాళ మేడమ్ గారు నన్ను బాగా కొడుతున్నావన్నారు" అంది ఒకరోజు అన్నం వడ్డిస్తూ.

"మెషిన్ మంచిదై ఉంటుంది."

"మెషినా? అది పాతదండీ."

"పాతవే బాగా పరిగెడతాయి" అని పెరుగు కలుపుకున్నాడు. అప్పుడే అతని బుర్రలో ఒక ఆలోచన మెరిసింది.

మర్నాడు ఆమెకంటే ముందే బయల్దేరి మేడెక్కి ఉషశ్రీ మెషిన్ ముందు కూర్చున్నాడు. ఆమె వచ్చి చూసింది. వెళ్ళి ముందు వరసలో అతని మెషిన్ ముందు కూర్చుంది.

సంజీవరావు మొదలుపెట్టాడు. ఇలా ఐదారు మాటలు కొట్టాడో లేదో టింగుమంది. క్యారేజీ తోసి ఇంకో ఐదారు మాటలు కొట్టేసరికి మళ్ళీ టింగుమంది. ముందు వరసలో ఉషశ్రీ గంట ఎక్కడో ఏలూరు కాలవ అవతల మోగినట్టు నెమ్మదిగా వస్తోంది. అతని ఒళ్ళు పులకరించింది. గంట గంటకీ మీసం పైకి లేస్తోంది. పాఠమంతా అలా ఊదేసి, ఆమె ఇంకా చివరి లైన్లలో ఉండగానే కాగితం లాగి లక్ష్మీనరసమ్మగారి ముందు పెట్టాడు.

"చూడండి మేడమ్. మెషిన్లో ఉందండీ అంతా."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇంగ్లీషంతా కాగితం ఎడమ పక్కన ఒక సన్నటి పీలికలా, గోచీగుడ్డ ఆరేసినట్టు పైనుంచి కిందికి వేలాడుతోంది. కుడివైపు సగం తెల్లగా ఉంది.

"మిగతా సగం ఎవరికి దాచిపెట్టావు నాయనా?"

సంజీవరావుకి అర్థం కాలేదు. అప్పుడు చెప్పిందావిడ. లైను ఎక్కడిదాకా పోవాలో ఆపే మార్జిన్ ముక్క ఆ మెషిన్లో తుప్పుపట్టి నడుమన ఇరుక్కుపోయింది. ఆ మెషిన్ మీద ఎవరు కొట్టినా సగం లైనుకే గంట మోగుతుంది. "మీ ఆవిడకి చేరినరోజే చెప్పాను. పొట్టి లైన్లయినా పర్లేదు, తప్పులు లేకుండా కొట్టమన్నాను."

సంజీవరావు తిరిగి ఉషశ్రీని చూశాడు. "నువ్వు నాతో చెప్పలేదేం?"

"ఏం చెప్పాలండీ? మీరు నా గంట లెక్కపెడుతున్నారని నాకేం తెలుసు?"

అతనికి ఎంత హాయిగా ఉందంటే, కిందికి దిగి హోటల్లో పెసరట్టు మీద పెసరట్టు లాగించాడు. తన పెళ్ళాం తనకంటే వేగమేమీ కాదు. కానీ ఆ హాయి మర్నాటికి మిగల్లేదు. ఉషశ్రీ అతని మెషిన్ మీద నిండు లైన్లు కొట్టిన కాగితం లక్ష్మీనరసమ్మగారి టేబులు మీదే ఉంది. దాని మీద ఒక్క ఎర్ర గీత లేదు. అతని కాగితం మీద ఎరుపు పోగా మిగిలింది కొంచెం నలుపు. ఇన్నాళ్ళూ లేని వేగం చూసి కుళ్ళుకున్నాడు. ఇప్పుడు కుళ్ళుకోడానికి నిజమైనదే దొరికింది.

పరీక్ష దగ్గరపడింది. లక్ష్మీనరసమ్మగారు అతనికి వేగం నిషేధించింది. ఒక్క లైను తాళం తప్పకుండా, గోడగడియారం నడిచినట్టు కొట్టాలి. తప్పు పడితే ఆ లైను మళ్ళీ మొదటినుంచి. తప్పు లేకుండా వస్తేనే తర్వాతి లైను. సంజీవరావు పళ్ళు నూరుకుంటూ కొట్టాడు. ఇంట్లో ఉషశ్రీ కుట్టుమెషిన్ దగ్గర కూర్చుని పాఠం అక్షరం అక్షరం చదువుతుంటే టేబులు మీద వేళ్ళు ఆడించాడు. ఆమె గొంతు ఎక్కడా తడబడదు, అదీ కుళ్ళే. అయినా వారం తిరిగేసరికి ఎర్ర గీతలు పల్చబడ్డాయి. చిత్రమేమిటంటే, తొందరపడటం మానేశాక వేగం కూడా దానంతటదే కొంచెం పెరిగింది.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. టైపు పరీక్షకి ఎవరి మెషిన్ వాళ్ళే మోసుకెళ్ళాలి. మిగతా మెషిన్లన్నీ పిల్లలకి కేటాయించగా వీళ్ళిద్దరికీ మిగిలినవి ఈ రెండే. పైగా ఇద్దరిదీ ఒకే బ్యాచి.

"మంచిది నువ్వు తీసుకో నాయనా, నీది ఉద్యోగం సంగతి" అంది లక్ష్మీనరసమ్మగారు.

"అవునండీ, నాకేముంది? ఆ పాతదే పట్టుకెళ్తా. మార్కులు పోతే పోతాయి" అంది ఉషశ్రీ.

సగం లైన్ల కాగితానికి మార్కులు కోసేస్తారు. ఆ మాట వినగానే సంజీవరావు లోపల ఎవరో దీపావళి మతాబు వెలిగించారు. ఇంటికొచ్చేదాకా వెలుగుతూనే ఉంది. భోజనం దగ్గర కూర్చున్నాక మెల్లగా ఆరిపోయింది. ఆమె పరీక్ష తప్పితే లోకం ఏమంటుంది? పాపం మెషిన్ బాలేదంటుంది. మంచి మెషిన్ ఉంటే మొగుణ్ణి మించిపోయేదంటుంది. లక్ష్మీనరసమ్మగారైతే వచ్చినవాడికల్లా చెబుతుంది. జీవితాంతం ఆ మాట పడేకంటే, ఆమె బాగున్న మెషిన్ మీద కొట్టి తనకంటే వెనక పడాలి. అప్పుడు గానీ కడుపు చల్లబడదు.

ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ కుట్టుమెషిన్ నూనె సీసా, ఒక స్క్రూడ్రైవరు, పాత టూత్‌బ్రష్షు జేబులో వేసుకుని, లక్ష్మీనరసమ్మగారి దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని ఇన్‌స్టిట్యూటు మేడెక్కాడు. తుప్పుకి నూనె పట్టించి, తోమి, స్క్రూడ్రైవరు వెనకభాగంతో మెల్లగా తట్టాడు. కదల్లేదు. మళ్ళీ నూనె, మళ్ళీ తోముడు. చొక్కా తడిసింది, వేళ్ళ చివర్లు చిట్లాయి, తువ్వాలంతా నల్లబడింది. పొద్దు వాలేవేళకి ఆ ముక్క కీచుమని ఒక అంగుళం కదిలింది. ఇంకొంచెం నూనె పోసి తోస్తే చివరిదాకా జారిపోయింది. సంజీవరావు కింద కూర్చుని పెద్దగా నిట్టూర్చాడు. "ఇప్పుడు రా ఉషా" అన్నాడు ఖాళీ గదితో.

పరీక్ష హాల్లో నలభై మెషిన్లు ఒక్కసారిగా మొదలయ్యాయి. చుట్టూ గంటలు. వాటిలో ఏది ఉషశ్రీదో వెతకాలని చెవి లాగింది. ఒక్క క్షణం వెతికాడు కూడా, ఒక అక్షరం తప్పింది. చెవిని పాఠంలోకి లాక్కొచ్చి, లైను తర్వాత లైను, తాళం తప్పకుండా కొట్టుకుంటూ పోయాడు. టైమైపోయిందని హాల్లో గంట కొట్టేసరికి పాఠం అయిపోయింది, అంతే.

ఫలితాలొచ్చాయి. సంజీవరావు పాస్. కుర్చీ అతనిదైంది. ఉషశ్రీ ఫస్టు క్లాసు, డిస్టింక్షన్.

ఆ ఆదివారం ఉషశ్రీ గారెలు వేసి లక్ష్మీనరసమ్మగారిని, పక్కింటి జ్ఞానేశ్వరిని పిలిచింది. జ్ఞానేశ్వరి "డిస్టింక్షన్ ఎలా కొట్టావే?" అని అడిగితే ఉషశ్రీ సిగ్గుపడుతూ చెప్పింది.

"అంతా ఈయన వల్లే వదినా. పరీక్షకి నాకు పాడైన మెషిన్ వచ్చిందని, ఆదివారం పూట నిద్ర మానుకుని వెళ్ళి, వేళ్ళు చిట్లేదాకా తోమి బాగుచేశారు. ఏ మొగుడు చేస్తాడు చెప్పు?"

"నిజమే నాయనా, నేనూ అనుకున్నాను" అంది లక్ష్మీనరసమ్మగారు కళ్ళజోడు తుడుచుకుంటూ. "మా ఆయన మెషిన్ కాదుగదా, నా కళ్ళజోడు కూడా ఏనాడూ తుడవలేదు."

జ్ఞానేశ్వరి అతనికేసి చూసింది. ఆ చూపులో తన మొగుడి మీద కోపం కనపడింది. ముగ్గురాడవాళ్ళూ అంత గౌరవంగా తనని చూడటం సంజీవరావు జీవితంలో అదే మొదటిసారి. అసలు సంగతేమిటో చెప్పేద్దామని నోరు తెరిచాడు. ముగ్గురూ ఆ నోటికేసే చూస్తున్నారు. తెరిచిన నోరు ఊరికే పోనివ్వకుండా, పళ్ళెంలోంచి ఇంకో గారె తీసి పెట్టుకున్నాడు.