ఛాయ్ కంప్లైంట్ మడిచి నా జేబులోనే పెట్టిన మా యాదగిరన్న

నిన్న పొద్దున లోడింగ్ దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. యాదగిరన్న పోయాడట. హార్ట్ ఎటాక్.

నమ్మలేదు నేను. మొన్న సాయంత్రమే దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో ఎక్కుతూ నాకు చెయ్యి ఊపాడు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. ఎల్బీనగర్ అవతల ఉన్న మా డెయిరీ ప్లాంట్‌లో అన్న ప్యాకింగ్ ఆపరేటర్. మా యూనియన్ సెక్రటరీ కూడా. షిఫ్ట్‌కు పది నిమిషాల ముందే, ఇస్త్రీ యూనిఫామ్‌లో మెషిన్ దగ్గర ఉండేవాడు. లీడర్‌ని కదా అని ఒక్క రోజూ డ్యూటీ ఎగ్గొట్టలేదు.

ఆయనది ఒకటే రూల్. ఏ కంప్లైంట్ అయినా డ్యూటీ దిగి, చేతులు కడుక్కుని వస్తేనే వింటాడు. సగం మంది కోపం ఆ నల్లా దగ్గరే దిగిపోయేది.

నాది దిగలేదు.

కొత్తలో క్యాంటీన్ ఛాయ్ నీళ్లలా ఉందని రెండు పేజీలు రాసి, అందరితో సంతకాలు పెట్టించి తీసుకెళ్లా. పెద్ద హీరోలా ఫీలయ్యా. అన్న మొత్తం చదివి, మడిచి, నా జేబులోనే పెట్టాడు.

"ఛాయ్ మంచిగ లేదు, నిజమే తమ్మీ. కానీ కోల్డ్ రూమ్‌ల మీ సుశీలక్క ఎట్ల దగ్గుతున్నదో ఎప్పుడన్న ఇన్నవా? ఛాయ్ కోసం గా మేనేజర్ తలుపు కొడితే, రేపు ఆమె కోసం కొట్టినప్పుడు ఎవడు తీస్తడు?"

అప్పుడు ఆయన్ని మేనేజ్‌మెంట్ మనిషేమో అనుకున్నా. ఇప్పుడు చెప్తున్నా, సారీ అన్నా.

కోల్డ్ రూమ్‌లో వేసుకునే చలికోట్లు అందరికీ కలిపి నాలుగే. ఒక షిఫ్ట్ వాళ్లు విప్పిన తడి కోటునే తర్వాతి షిఫ్ట్ వాళ్లు తొడుక్కోవాలి. అడిగితే, "మీరే మూలన పడేస్తారు, ఇంకెట్లా ఆరతాయి?" అనేవాడు మేనేజర్. అందులో అబద్ధం లేదు. పడేసేవాళ్లం.

"ముందుగాల మన తప్పు దిద్దుకుందాం" అని అన్న తనే గోడకు కొక్కేలు కొట్టాడు. రెండు వారాలు ప్రతి కోటూ విప్పగానే తగిలించాం. ఎవరైనా మర్చిపోతే, తిట్టుకుంటూ ఆయనే తగిలించేవాడు.

అప్పుడు మేనేజర్‌ను పిలుచుకొచ్చాడు. అరుపుల్లేవు, నినాదాల్లేవు. కొక్కేనికి తగిలించినా ఇంకా తడిగానే ఉన్న ఒక కోటు తీసి చేతికిచ్చాడు.

"సార్, జర తొడుక్కోండ్రి. సుశీల ఇప్పుడు గిదే ఏసుకొని లోపలికి పోవాలె."

మేనేజర్ ఒక చెయ్యి దూర్చి, వెంటనే లాగేసుకున్నాడు. కోటును మళ్లీ కొక్కేనికి తగిలించాడు. తర్వాత, "యాదగిరీ, నువ్వు ఊరికే రావు" అన్నాడు.

నెల తిరిగేలోపు మనిషికో కోటు వచ్చింది. సుశీలక్క తన కోటు మీద ఎర్ర దారంతో పేరు కుట్టుకుంది. దగ్గు కూడా తగ్గింది.

ఛాయ్ మాత్రం ఇప్పటికీ నీళ్లే.

అన్నా, నిన్న నీ వార్త వినగానే, బండ్లన్నీ ఆపేసి పోదామని అరిచింది నేనే. సుశీలక్క నన్ను ఆపింది. ఏడుస్తూనే, "అన్న ఒప్పుకుంటడా?" అంది.

ఆఖరి పాల బండి గేటు దాటాక, నల్లా దగ్గర చేతులు కడుక్కుని, అందరం యూనిఫామ్‌లోనే కర్మన్‌ఘాట్‌లో మీ ఇంటికొచ్చాం. లేటయ్యింది. నువ్వు ఏమీ అనుకోవని తెలుసు.

నీ యూనియన్ వాడినని చెప్పుకోవడం నాకు గర్వం.

డ్యూటీ దిగావన్నా. ఇక నిమ్మళంగా ఉండు.